అసింక్ కోడ్‌కు ఆటోమేటెడ్ టెస్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అసింక్ కోడ్‌కు, అంటే ఒక పని ముగిసేదాకా ఆగకుండా ముందుకు సాగే కోడ్‌కు, టెస్టులు రాయడం గురించి కొత్తగా చేరినవారూ, ఏళ్ల అనుభవం ఉన్నవారూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలను పని సాగే దశల ప్రకారం ఇక్కడ చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా జావాస్క్రిప్ట్, పైథాన్‌లవి. అవసరమైన చోట జావా, కోట్లిన్, గో, సీ షార్ప్ కూడా వస్తాయి.

## మొదలుపెట్టే ముందు

మామూలు టెస్టుకూ అసింక్ టెస్టుకూ నిజంగా తేడా ఏమిటి?

మామూలు ఫంక్షన్ తిరిగి వచ్చేసరికి దాని పని అయిపోయి ఉంటుంది. తర్వాతి లైనులో ఫలితాన్ని తనిఖీ చేస్తే చాలు. అసింక్ ఫంక్షన్ తిరిగి వచ్చినప్పుడు మన చేతికి అందేది ఫలితం కాదు, ఫలితం తర్వాత ఇస్తానన్న హామీ. దాన్నే జావాస్క్రిప్ట్‌లో ప్రామిస్ అనీ, పైథాన్‌లో కొరూటీన్ అనీ, జావాలో ఫ్యూచర్ అనీ, సీ షార్ప్‌లో టాస్క్ అనీ అంటారు. ఆ పని ఎప్పుడు ముగిసిందో టెస్టుకు తెలియాలి. తెలియకపోతే తొందరపడి తనిఖీ చేసి, కోడ్ సరిగ్గానే ఉన్నా ఫెయిల్ అవుతుంది. లేదంటే అసలు తనిఖీ జరగకుండానే పాస్ అవుతుంది. నా దృష్టిలో రెండోదే పెద్ద ప్రమాదం. ఫెయిలైన టెస్టును ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. పచ్చగా వెలిగే టెస్టును ఎవరూ తెరవరు.

అసింక్ కోడ్ మొత్తానికీ అసింక్ టెస్టులే రాయాలా?

అక్కర్లేదు. అసింక్ ఫంక్షన్‌లో చాలా భాగం నిజానికి మామూలు లెక్కలూ నిర్ణయాలూ. సర్వర్ స్పందించకపోతే మళ్లీ ప్రయత్నించే ఫంక్షన్‌ను తీసుకోండి. ఎన్నో ప్రయత్నానికి ఎంతసేపు ఆగాలి, ఏ ఎర్రర్ వస్తే మళ్లీ ప్రయత్నించాలి, ఏది వస్తే వెంటనే మానుకోవాలి అన్నవి ఆగాల్సిన అవసరం లేని ప్రశ్నలు. వాటిని విడి ఫంక్షన్లుగా తీసి మామూలు టెస్టులు పెట్టండి. అప్పుడు అసింక్ టెస్టులు తనిఖీ చేయాల్సింది కొంచెమే మిగులుతుంది: పిలుపులు సరైన వరుసలో వెళ్తున్నాయా, ఎర్రర్ పైకి చేరుతోందా, రద్దు చేస్తే ఆగుతోందా.

నా ఫంక్షన్ పని మొదలుపెట్టి వెంటనే తిరిగి వచ్చేస్తుంది, ఏమీ ఇవ్వదు. దీన్ని ఎలా టెస్టు చేయాలి?

టెస్టులో తంటాలు పడకండి, ఫంక్షన్‌నే మార్చండి. లోపల మొదలైన పని తాలూకు ప్రామిస్‌ను లేదా టాస్క్‌ను తిరిగి ఇవ్వమనండి. పిలిచేవారికి అవసరం లేకపోతే వదిలేస్తారు, టెస్టు మాత్రం దాని కోసం ఆగుతుంది. సీ షార్ప్‌లో అసింక్ వాయిడ్ అని రాసిన ఫంక్షన్ కోసం ఎవరూ ఆగలేరు కాబట్టి, ఈవెంట్ హ్యాండ్లర్లలో తప్ప టాస్క్‌ను ఇచ్చేలా రాయడమే పద్ధతి.

పైథాన్‌లో ఇంకో చిక్కుంది. క్రియేట్ టాస్క్‌తో మొదలుపెట్టిన పనిని ఈవెంట్ లూప్ (అసింక్ పనులను వంతులవారీగా నడిపేది) బలహీనమైన రెఫరెన్సుతోనే పట్టుకుంటుంది. ఆ టాస్క్‌ను మీరు ఏ వేరియబుల్‌లోనో సెట్‌లోనో దాచుకోకపోతే పైథాన్ దాన్ని ఎవరూ వాడని చెత్తగా భావించి, పని మధ్యలోనే మెమరీ నుంచి తొలగించే అవకాశం ఉంది. టెస్టు కోసం దాచిన ఆ రెఫరెన్సు అసలు ప్రోగ్రాముకూ రక్షణే. సర్వర్‌ను ఆపేటప్పుడు మిగిలిన పనులు ముగిసేదాకా ఆగడానికీ అదే పనికొస్తుంది.

## మొదటి టెస్టులు రాసేటప్పుడు

కావాలని తప్పు విలువ పెట్టినా నా టెస్టు పాస్ అవుతోంది. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఎక్కడో ఒక అవెయిట్ (పని ముగిసేదాకా ఆగమనే పదం) రాయలేదు. జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే జెస్ట్‌లో ఎక్స్‌పెక్ట్‌కు రిజాల్వ్స్ తగిలించి ముందు అవెయిట్ పెట్టకపోతే, ఆ తనిఖీ పూర్తికాకముందే టెస్టు ముగిసిపోతుంది. టెస్టులను నడిపే సాధనం, అంటే రన్నర్ దృష్టిలో ఏ ఎర్రరూ రాలేదు కాబట్టి పాస్.

ఫర్ ఈచ్ లోపల అసింక్ ఫంక్షన్ రాయడం ఇంకో సాధారణ కారణం. ఫర్ ఈచ్ ఎవరి కోసమూ ఆగదు. లోపల ఉన్న పది తనిఖీలూ గాలిలో ఉండగానే టెస్టు చివరి లైను దాటిపోతుంది. దాని బదులు ఫర్ ఆఫ్ లూప్ వాడి ఒక్కొక్కదానికీ అవెయిట్ చేయండి, లేదా మ్యాప్‌తో ప్రామిస్‌లన్నీ పోగుచేసి ప్రామిస్ ఆల్ కోసం ఆగండి.

పైథాన్‌లో మామూలు యూనిట్‌టెస్ట్ టెస్ట్‌కేస్ క్లాసులో అసింక్ డెఫ్‌తో టెస్టు రాస్తే కొరూటీన్ తయారవుతుంది కానీ అందులోని ఒక్క లైనూ నడవదు. 3.8 వెర్షన్‌తో వచ్చిన ఐసొలేటెడ్ అసింక్ఐఓ టెస్ట్‌కేస్ అందుకోసమే ఉంది. పైటెస్ట్ వాడేవారికి పైటెస్ట్ అసింక్ఐఓ లాంటి ప్లగిన్ ఉండాలి. ప్లగిన్ లేకపోతే పాత వెర్షన్లు అసింక్ టెస్టును హెచ్చరికతో దాటవేసేవి, 8.4 నుంచి నేరుగా ఫెయిల్ చేస్తున్నాయి. ఇది మంచి మార్పు. కొరూటీన్‌కు అవెయిట్ చేయలేదన్న హెచ్చరిక కనిపిస్తే దాన్ని ఎర్రర్‌గానే లెక్కించండి.

టైప్‌స్క్రిప్ట్ వాడుతుంటే, కోడ్‌లో తప్పులు వెతికే ఈఎస్‌లింట్‌లో నో ఫ్లోటింగ్ ప్రామిసెస్ నియమాన్ని ఈరోజే ఆన్ చేయండి. ఎవరూ ఆగని ప్రామిస్‌లను అది రాసేటప్పుడే పట్టేస్తుంది. అన్నిటికన్నా నమ్మదగిన అలవాటు మరొకటి ఉంది. కొత్త టెస్టు పాస్ కాగానే అసలు కోడ్‌లో ఒక లైను చెడగొట్టి, అది ఎర్రబడుతుందో లేదో చూడండి. అసింక్ టెస్టుల విషయంలో ఈ మెట్టును ఎప్పుడూ వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎర్రర్ రావాలని ఎలా టెస్టు చేయాలి? ట్రై, క్యాచ్ పెట్టాను కానీ నమ్మకం కలగడం లేదు.

నమ్మకం కలగకపోవడం సబబే. ఫంక్షన్ ఎర్రర్ ఇవ్వకపోతే క్యాచ్ భాగం నడవదు, అందులోని తనిఖీ జరగదు, టెస్టు పాస్ అవుతుంది. జెస్ట్‌లో అవెయిట్‌తో కలిపి రిజెక్ట్స్ వాడండి. పైథాన్‌లో పైటెస్ట్ రైజెస్ బ్లాకు లోపలే అవెయిట్ ఉండాలి. ట్రై, క్యాచ్ తప్పనిసరి అయిన చోట ఎక్స్‌పెక్ట్ అసెర్షన్స్‌తో ఎన్ని తనిఖీలు జరగాలో ముందే చెప్పండి.

ఏదో ఒక ఎర్రర్ వచ్చిందని తృప్తిపడవద్దు. ఏ రకం ఎర్రరో, అందులో ఏ సమాచారం ఉందో కూడా చూడండి. వేరియబుల్ పేరులో అక్షరదోషం ఉన్నా ఎర్రర్ వస్తుంది, మీ టెస్టు దాన్నీ విజయంగానే లెక్కిస్తుంది.

కాల్‌బ్యాక్ పద్ధతిలో (పని ముగిశాక పిలవాల్సిన ఫంక్షన్‌ను ముందే ఇచ్చే పద్ధతిలో) రాసిన పాత కోడ్ ఉంది. టెస్టు ముగిసిందని రన్నర్‌కు చెప్పే డన్ వాడాలా, ప్రామిస్‌గా మార్చాలా?

ప్రామిస్‌గా చుట్టడమే మేలు. డన్ పద్ధతిలో కాల్‌బ్యాక్ లోపల తనిఖీ ఫెయిలైతే కంట్రోల్ డన్ దాకా చేరదు. అప్పుడు అసలు కారణానికి బదులు టైమౌట్ అయిందన్న సందేశం రావచ్చు, మీరు తప్పు చోట వెతుకుతారు. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో ఇందుకు ప్రామిసిఫై 8వ వెర్షన్ నుంచి ఉంది. ఒకే టెస్టులో డన్ తీసుకుంటూ ప్రామిస్ కూడా తిరిగి ఇవ్వకండి. మోకా (జెస్ట్ లాంటిదే మరో రన్నర్), జెస్ట్ రెండూ దాన్ని తప్పుగానే చూపిస్తాయి.

ప్రతి టెస్టుకు ముందు నడిచే హుక్ అయిన బిఫోర్ ఈచ్‌లో డేటా సిద్ధం చేస్తున్నాను. ఒక్కోసారి టెస్టు మొదలయ్యేసరికి టేబుల్ ఖాళీగా ఉంటోంది.

ఆ హుక్ నుంచి ప్రామిస్‌ను తిరిగి ఇవ్వడం లేదా అవెయిట్ చేయడం మరిచిపోయి ఉంటారు. హుక్‌కు కూడా టెస్టుకున్న నియమమే వర్తిస్తుంది. టెస్టులను గుంపుగా చేర్చే డిస్క్రైబ్ బ్లాకును మాత్రం అసింక్‌గా రాయకూడదు. టెస్టుల జాబితా తయారయ్యే సమయంలో జెస్ట్ దాని కోసం ఆగదు.

## కాలంతో వచ్చే చిక్కులు

మధ్యలో 2 సెకన్ల స్లీప్ పెడితే సరిపోదా?

సరిపోదు. పని 50 మిల్లీసెకన్లలో అయిపోయినా టెస్టు 2 సెకన్లూ కూర్చుంటుంది. అలాంటివి 300 టెస్టులుంటే ఏమీ చేయకుండా 10 నిమిషాలు పోతాయి. మరోవైపు సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తనంతట తానే నడిపే వ్యవస్థ) మెషీను మీద భారం ఎక్కువైన రోజు అదే పనికి రెండున్నర సెకన్లు పడుతుంది, టెస్టు ఫెయిల్ అవుతుంది. ఎవరో వచ్చి స్లీప్‌ను 5 సెకన్లు చేస్తారు. ఈ కథకు అంతం లేదు.

టెస్టు ఆగాల్సింది గడియారం కోసం కాదు, పని ముగిసిందన్న సంకేతం కోసం. ఆ సంకేతం ప్రామిస్ కావచ్చు, పైథాన్ అసింక్ఐఓలోని ఈవెంట్ కావచ్చు, జావాలో కౌంట్‌డౌన్ లాచ్ కావచ్చు. కోడ్‌లో అలాంటిది లేకపోతే కల్పించండి.

మీ చేతిలో లేని వ్యవస్థ నుంచి సంకేతం రానప్పుడు మాత్రం, షరతు నిజమైందా అని చిన్న చిన్న విరామాలతో అడుగుతూ గరిష్ఠ గడువు పెట్టుకోండి. జావాలో అవెయిటిలిటీ చేసేది ఇదే. ఏమీ చెప్పకపోతే అది 100 మిల్లీసెకన్లకొకసారి చూస్తూ 10 సెకన్ల దాకా ఆగుతుంది. టెస్టింగ్ లైబ్రరీలోని వెయిట్ ఫర్ 50 మిల్లీసెకన్లకొకసారి చూస్తూ 1 సెకను దాకా ఆగుతుంది. ఈ పద్ధతిలో గడువు ఎంత ఉదారంగా పెట్టినా నష్టం లేదు, ఎందుకంటే పాసయ్యే టెస్టు షరతు నిజమైన వెంటనే ముందుకు వెళ్తుంది. గడువు పూర్తిగా ఖర్చయ్యేది ఫెయిలైనప్పుడే.

5 నిమిషాలకు సెషన్ ముగియాలని టెస్టు చేయాలి. నిజంగా 5 నిమిషాలు ఆగాలా?

ఆగనక్కర్లేదు. కాలాన్ని మీ అదుపులోకి తెచ్చుకోండి. జెస్ట్, వైటెస్ట్, సైనాన్‌లలో ఫేక్ టైమర్లు (మీరు జరిపితేనే కదిలే నకిలీ టైమర్లు) ఉన్నాయి. కోట్లిన్‌లో రన్ టెస్ట్ ఊహాత్మక కాలంతో నడుస్తుంది, రస్ట్‌లో టోకియో కాలాన్ని నిలిపివేయనిస్తుంది. డాట్‌నెట్ 8 నుంచి టైమ్ ప్రొవైడర్ వచ్చింది. గోలో సింక్‌టెస్ట్ ప్యాకేజీ 1.24లో ప్రయోగాత్మకంగా వచ్చి 1.25లో స్థిరపడింది.

ఇలాంటి సదుపాయం అందుబాటులో లేని చోట గడియారాన్ని ఫంక్షన్‌కు బయటి నుంచి అందించండి. ఇప్పుడు సమయమెంత అనే ప్రశ్నకు జవాబిచ్చే చిన్న ఫంక్షన్ చాలు. అసలు ప్రోగ్రాములో నిజమైన గడియారం, టెస్టులో మీరు ముందుకు జరిపే గడియారం.

కాలం మీ చేతిలోకి వచ్చాక సరిహద్దుల దగ్గర టెస్టు చేయడం మరవకండి. 4 నిమిషాల 59 సెకన్లకు సెషన్ బతికే ఉండాలి, 5 నిమిషాలకు ముగియాలి. నిజమైన కాలంతో ఈ రెండింటినీ విడదీసి చూడటం దాదాపు అసాధ్యం.

ఫేక్ టైమర్లు పెట్టాక టెస్టు కదలకుండా వేలాడుతోంది. ఏం జరుగుతోంది?

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. సర్వర్‌ను 3 సార్లు ప్రయత్నించే ఫంక్షన్ ఉంది. మొదటి ప్రయత్నం ఫెయిలైతే 1 సెకను, రెండోది ఫెయిలైతే 2 సెకన్లు ఆగుతుంది. టెస్టులోని నకిలీ సర్వర్ రెండుసార్లు ఎర్రర్ ఇచ్చి మూడోసారి జవాబిస్తుంది. మీరు ఫేక్ టైమర్లు పెట్టి ఆ ఫంక్షన్‌కు అవెయిట్ చేశారు. ఫంక్షన్ టైమర్ కోసం ఆగింది. టైమర్ కదలాలంటే టెస్టులోని తర్వాతి లైను గడియారాన్ని జరపాలి. ఆ లైను దాకా రావాలంటే ఫంక్షన్ ముగియాలి. ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ టైమౌట్ దాకా అలాగే ఉండిపోతారు.

అందుకే ముందు ఫంక్షన్‌ను పిలిచి, అవెయిట్ చేయకుండా ప్రామిస్‌ను వేరియబుల్‌లో పెట్టుకోండి. తర్వాత గడియారాన్ని 3 సెకన్లు జరపండి. చివర్లో ఆ ప్రామిస్‌కు అవెయిట్ చేయండి.

ఇంత చేసినా వేలాడితే, గడియారాన్ని జరిపే ఫంక్షన్ ఏదో చూడండి. జెస్ట్‌లో అడ్వాన్స్ టైమర్స్ బై టైమ్ అనేది మామూలు సింక్ ఫంక్షన్. దాన్ని పిలిచిన క్షణానికి మొదటి ఎర్రర్ తాలూకు ప్రామిస్ ఇంకా పరిష్కారం కాలేదు, కాబట్టి 1 సెకను టైమర్ అసలు పుట్టనేలేదు. మీరు జరిపిన 3 సెకన్లూ వృథా. పేరు చివర అసింక్ ఉన్న రూపం 29.5 వెర్షన్ నుంచి ఉంది. అది మధ్య మధ్యలో ప్రామిస్‌లను ముందుకు సాగనిస్తుంది. అదే వాడండి.

మూడు ప్రయత్నాలూ ఫెయిలవ్వాలని టెస్టు చేస్తుంటే, గడియారాన్ని జరపకముందే ఆ ప్రామిస్‌కు రిజెక్ట్స్ తనిఖీని తగిలించి ఉంచాలి. లేకపోతే ఎర్రర్ వచ్చే క్షణానికి దాన్ని అందుకునేవారు ఎవరూ ఉండరు. నోడ్ 15 నుంచి అలా ఎవరూ అందుకోని రిజెక్షన్ (ఎర్రర్‌తో ముగిసిన ప్రామిస్) వస్తే, ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ లేని పక్షంలో ప్రాసెస్సే ఆగిపోతుంది.

టెస్టు ముగిశాక ఆఫ్టర్ ఈచ్‌లో నిజమైన టైమర్లను తిరిగి పెట్టేయండి.

టెస్టు టైమౌట్ ఎంత ఉండాలి?

మోకాలో సహజంగా 2 సెకన్లు, జెస్ట్‌లోనూ వైటెస్ట్‌లోనూ 5 సెకన్లు, కోట్లిన్ రన్ టెస్ట్‌లో 60 సెకన్లు. యూనిట్ టెస్టులకు వీటిని పెంచాల్సిన అవసరం అరుదు. పెంచాలనిపించిందంటే లోపల నిజమైన నెట్‌వర్కో నిజమైన కాలమో దూరిందేమో ముందు చూడండి.

రన్నర్ గడువు కన్నా తక్కువ గడువును టెస్టు లోపల దేని కోసం ఆగుతున్నారో దానికే పెట్టడం మంచి పద్ధతి. పైథాన్ 3.11 నుంచి అసింక్ఐఓ టైమౌట్ ఇందుకు చక్కగా సరిపోతుంది. అప్పుడు టెస్టు 5 సెకన్లు దాటిందన్న మూగ సందేశానికి బదులు, ఏ లైనులో ఏ సంకేతం రాలేదో తెలుస్తుంది.

## వరుస తారుమారయ్యే చోట

రెండు రిక్వెస్టుల్లో పాతది ఆలస్యంగా వస్తే ఏమవుతుందో ఎలా టెస్టు చేయాలి?

వెతుకులాట పెట్టెలో ఒకరు మొదట 'క' అని, వెంటనే 'కల' అని టైపు చేశారు. రెండు రిక్వెస్టులు వెళ్లాయి. 'కల' జవాబు ముందు వచ్చి తెరమీద కనిపించింది, తర్వాత 'క' జవాబు వచ్చి దాన్ని తుడిచేసింది. వాడేవారికి ఇది తరచూ ఎదురయ్యే లోపం. మామూలు మాక్ (అసలుదాని బదులు టెస్టులో పెట్టే నకిలీ) మాత్రం ఎప్పుడూ అడిగిన వరుసలోనే జవాబిస్తుంది కాబట్టి టెస్టులో ఎన్నటికీ బయటపడదు.

దీనికి మీ ఇష్టం వచ్చినప్పుడు పరిష్కరించగల ప్రామిస్ కావాలి. ప్రామిస్‌ను తయారుచేసి, దాని రిజాల్వ్ ఫంక్షన్‌ను బయట వేరియబుల్‌లో దాచుకోండి. నకిలీ సర్వర్ మొదటి పిలుపుకు ఒక ప్రామిస్‌ను, రెండో పిలుపుకు ఇంకొకదాన్ని ఇవ్వాలి. టెస్టులో 'క' టైపు చేయించండి, 'కల' టైపు చేయించండి, రెండోదాన్ని ముందు పరిష్కరించండి. తెరమీద 'కల' ఫలితాలు ఉన్నాయని చూశాక మొదటిదాన్ని పరిష్కరించి, తెర మారలేదని చూడండి. స్లీప్ లేదు, అదృష్టం మీద ఆధారపడటం లేదు. ఆ లోపం ఉంటే ఈ టెస్టు ప్రతిసారీ ఫెయిల్ అవుతుంది.

మొదటి జవాబు రాకముందు తెర ఎలా ఉందో చూడటానికీ ఈ పద్ధతే పనికొస్తుంది. వెంటనే జవాబిచ్చే మాక్‌తో రాసిన టెస్టులు 'లోడ్ అవుతోంది' అన్న స్థితిని చూడకుండానే దాటిపోతాయి.

ఏదైనా జరగలేదని ఎలా నిరూపించాలి? ఉదాహరణకు, రద్దు చేసిన ఆర్డర్‌కు మెయిల్ వెళ్లకూడదు.

100 మిల్లీసెకన్లు ఆగి, మెయిల్ రాలేదని చూడటం బలహీనమైన సాక్ష్యం. 101వ మిల్లీసెకనులో వెళ్లి ఉండవచ్చు. ఆలస్యానికి కారణం టైమర్ అయితే ఫేక్ గడియారాన్ని మెయిల్ వెళ్లాల్సిన సమయం దాటించి చూడండి. అది క్యూ ద్వారా జరిగే పని అయితే, రద్దు చేసిన ఆర్డర్ వెనకాలే రద్దు చేయని మరో ఆర్డర్‌ను అదే క్యూలోకి పంపి, దాని మెయిల్ కోసం ఆగండి. వెనక వచ్చినది పూర్తయిందంటే ముందరిది కూడా పరిశీలన దాటినట్టే. క్యూ వరుసను కచ్చితంగా పాటిస్తేనే, పని చేసే వర్కర్ ఒక్కటే ఉంటేనే ఈ వాదన నిలుస్తుంది.

పనిని మధ్యలో రద్దు చేయడాన్ని కూడా టెస్టు చేయాలా?

చేయాలి. ఫైళ్లు, కనెక్షన్లు తెరిచి ఉండిపోయేది అక్కడే. పని మధ్యలోకి చేరిందని ఒక ఈవెంట్ ద్వారా నిర్ధారించుకున్నాకే రద్దు చేయండి. అలా కాక వెంటనే రద్దు చేస్తే పని మొదలుకాకముందే ఆగిపోతుంది, మీరు టెస్టు చేయాలనుకున్న దారి నడవదు. తర్వాత రెండు చూడండి: తెరిచినవి మూతపడ్డాయా, రద్దు సమాచారం పిలిచినవారికి చేరిందా. పైథాన్ 3.8 నుంచి క్యాన్సిల్డ్ ఎర్రర్ నేరుగా బేస్ ఎక్సెప్షన్ కింద ఉంటుంది కాబట్టి మామూలు ఎక్సెప్షన్‌ను పట్టే కోడ్ దాన్ని మింగదు. ఏ రకమూ పేర్కొనని ఎక్సెప్ట్ మాత్రం మింగేస్తుంది.

వేరే థ్రెడ్‌లో తనిఖీ ఫెయిలైనా టెస్టు పాస్ అవుతోంది. ఇదేం విచిత్రం?

జావాలో ఒక థ్రెడ్‌లో పుట్టిన ఎక్సెప్షన్ ఆ థ్రెడ్‌నే ముగిస్తుంది. టెస్టును నడుపుతున్న థ్రెడ్‌కు అది తెలియదు. తనిఖీలను అక్కడ చేయకండి. ఫలితాన్ని ఫ్యూచర్ ద్వారా టెస్టు థ్రెడ్‌కు తెచ్చుకుని ఇక్కడ తనిఖీ చేయండి. గోలోనూ ఫేటల్, ఫెయిల్ నౌ లాంటివి టెస్టు నడుస్తున్న గోరూటీన్ (గో భాషలోని తేలికపాటి థ్రెడ్ లాంటిది) లోనే పిలవాలి. వేరే గోరూటీన్ నుంచి ఎర్రర్‌ను ఛానెల్‌లో పంపండి.

రేస్ డిటెక్టర్ ఉండగా వరుస గురించి విడిగా టెస్టులెందుకు?

ఈ రెండూ పట్టే లోపాలు వేరు. గోలో 1.1 నుంచి ఉన్న రేస్ డిటెక్టర్, ఒకే మెమరీని రెండు గోరూటీన్లు రక్షణ లేకుండా ముట్టుకుంటే చెబుతుంది, అదీ నడిచిన కోడ్‌లో మాత్రమే. తాళాలన్నీ సరిగ్గా వేసి కూడా, పాత జవాబుతో కొత్త జవాబును తుడిచేయవచ్చు. జావాస్క్రిప్ట్ కోడ్ సాధారణంగా ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది, అయినా రెండు అవెయిట్‌ల మధ్య విలువ మారిపోయే లోపాలు అక్కడ కోకొల్లలు.

## మాక్‌లు వాడేటప్పుడు

పైథాన్‌లో మాక్ ఇచ్చిన విలువకు అవెయిట్ చేస్తే ఎర్రర్ వస్తోంది.

మామూలు మాక్ తిరిగి ఇచ్చేదానికి అవెయిట్ చేయలేరు. 3.8 నుంచి ఉన్న అసింక్ మాక్ వాడండి. తనిఖీలో అసెర్ట్ కాల్డ్ బదులు అసెర్ట్ అవెయిటెడ్ వాడటం ముఖ్యం. ఫంక్షన్‌ను పిలిచి అవెయిట్ మరిచిపోయిన కోడ్ మొదటి తనిఖీలో నెగ్గుతుంది, రెండోదానిలో దొరికిపోతుంది.

## సీఐలో నడిపేటప్పుడు

నా కంప్యూటర్‌లో ఎప్పుడూ పాస్, సీఐలో వారానికోసారి ఫెయిల్. ఎలా పట్టుకోవాలి?

మీ దగ్గర కూడా ఫెయిలయ్యేలా చేయడమే మొదటి పని. ఆ ఒక్క టెస్టును కొన్ని వందలసార్లు వరుసగా నడపండి. ప్రాసెసర్‌ను వేరే పనితో నింపి నడపండి. టెస్టుల వరుసను మార్చి నడపండి. వరుస మారితేనే ఫెయిలవుతుంటే ముందరి టెస్టు వదిలిన స్థితి కారణం. భారం పెరిగితేనే ఫెయిలవుతుంటే ఎక్కడో కాలాన్ని నమ్ముకున్నారు. అనుమానం ఉన్న చోట నకిలీ సర్వర్ జవాబును కావాలని ఆలస్యం చేయండి. ఫెయిల్ అయితే కారణం దొరికినట్టే. పైథాన్‌లో అసింక్ఐఓ డీబగ్ స్థితిని ఆన్ చేస్తే 100 మిల్లీసెకన్లకు మించి ఈవెంట్ లూప్‌ను పట్టి ఉంచిన కాల్‌బ్యాక్‌లను లాగ్‌లో చూపిస్తుంది.

ఫెయిలైన టెస్టును తనంతట తానే మళ్లీ నడిపే ఏర్పాటు పెట్టుకోవచ్చా?

నిజమైన బ్రౌజర్, నెట్‌వర్కు ఉన్న టెస్టులకు ఒకటి రెండుసార్లు ఒప్పుకోవచ్చు, రెండో ప్రయత్నంలో పాసైనవాటి జాబితాను ఎవరైనా చూస్తుంటేనే. బ్రౌజర్ టెస్టులు నడిపే ప్లేరైట్ అలాంటివాటిని నివేదికలో ఫ్లేకీ (ఒకసారి ఫెయిలై, మరోసారి పాసయ్యేది) అని విడిగా చూపిస్తుంది. యూనిట్ టెస్టులకు మాత్రం పెట్టవద్దు. అప్పుడప్పుడూ ఫెయిలయ్యే టెస్టు చాలాసార్లు నిజమైన లోపాన్నే చూపిస్తుంటుంది. మళ్లీ నడిపి పచ్చగా చేస్తే ఆ లోపం వాడేవారి దాకా వెళ్తుంది.

ఒక టెస్టులో ఉన్న ఎర్రర్ వేరే టెస్టు పేరుతో కనిపిస్తోంది. టెస్టులన్నీ ముగిశాక కూడా రన్నర్ ఆగడం లేదు.

రెండిటికీ మూలం ఒకటే: ముగియని పనిని వెనక వదిలేసి టెస్టు వెళ్లిపోయింది. ఆ పని తర్వాతి టెస్టు నడుస్తుండగా పేలుతుంది, లేదా తెరిచిన సాకెట్, టైమర్ ప్రాసెస్‌ను బతికించి ఉంచుతుంది. జెస్ట్‌లో డిటెక్ట్ ఓపెన్ హ్యాండిల్స్ ఆప్షన్‌తో ఏది తెరిచి ఉందో తెలుస్తుంది. గోలో గోలీక్ లైబ్రరీ మిగిలిపోయిన గోరూటీన్లను పట్టిస్తుంది. ఫోర్స్ ఎగ్జిట్ పెట్టి రన్నర్‌ను బలవంతంగా ఆపకండి, కారణం అలాగే మిగిలిపోతుంది. టెస్టు తెరిచిన ప్రతి సర్వర్‌నూ, కనెక్షన్‌నూ, టైమర్‌నూ అదే టెస్టు తాలూకు ఆఫ్టర్ ఈచ్‌లో మూసి, ఆ మూసివేత ముగిసేదాకా అవెయిట్ చేయండి. మూసే ఫంక్షన్లు కూడా చాలావరకు అసింకే.